గోదారి బడిని మూస్తుంది.. పిల్లల్ని మరిచేది మనమే

అమలాపురం: కోనసీమ లంకల్లో ఎర్రనీరు కనిపించిందంటే ముందుగా మూతపడేది బడి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పెరిగిందన్న కబురు రాగానే సెలవు ఉత్తర్వు వస్తుంది. సాయంత్రం గంట కొట్టేవేళ పంతులుగారు ‘రేపటి నుంచి బడి లేదు, మళ్ళీ చెప్పేదాకా ఇళ్ళ దగ్గరే ఉండండి’ అంటారు. పిల్లలు కేకలు వేసుకుంటూ ఇళ్ళకు పరుగెడతారు. ఇంటి దగ్గర తల్లికి మాత్రం దిగులు మొదలవుతుంది. రేపటి నుంచి పిల్లలకు మధ్యాహ్నం అన్నం కూడా ఇంట్లోనే వండాలి. రేవు దాటి కూలికి పోయే దారి లేదు. పొయ్యిలోకి కట్టెలు తడిసిపోయాయి. పిల్లలు నీటి వైపు పోకుండా కాపలా ఉండేవారు లేరు.

బడి మూతపడటమంటే పాఠాలు ఆగడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి పాఠంతో పాటు పిల్లల మధ్యాహ్న భోజనం ఆగుతుంది. పగటిపూట వారిని కనిపెట్టి ఉండే పెద్దదిక్కు పోతుంది. బడిలో వంట చేసే ఆడవాళ్ళ చేతిలో పని ఉండదు. చిన్న ప్రైవేటు బళ్ళ పంతుళ్ళ జీతం సందేహంలో పడుతుంది. వరద, తుపాను, అంటురోగం - కారణం ఏదైనా ఈ కష్టం ఒక్కటే. బడికి తాళం వేయడం అధికారుల పని. ఆ తాళం వెనక ఆగిపోయినవాటిని నడిపించే పని ఊరిది, పంతుళ్ళది, అధికారులది కూడా.

మూయడం తప్పు కాదు

బడి మూయకుండా ఉండాలని ఎవరూ అనరు. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడి నుంచి ఇళ్ళకు వెళ్తున్న విద్యార్థినులు గోదావరి పాలయ్యారు. ఆ రోజును ఈ ప్రాంతం ఇంకా మరువలేదు. ఏటికి ఎదురు పడవ వేసి పిల్లల్ని బడికి పంపమని ఏ తల్లికీ చెప్పలేం.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగుల మట్టానికి, అంటే 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి, మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. 1986 ఆగస్టు వరదలో బ్యారేజీ మీదుగా 35 లక్షల క్యూసెక్కులు దాటిపోయాయి. భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్ళీ భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. అలాంటప్పుడు కాజ్‌వేలు మునిగి, లంకలకు పడవలే దిక్కవుతాయి. గోదావరి తగ్గితే తుపాన్ల రుతువు వస్తుంది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది.

అంటే మన జిల్లాలో బడి మూతపడటం అనుకోని ముచ్చట కాదు. ఏటా జూలై నుంచి నవంబరు దాకా ఎప్పుడైనా రావచ్చు. నారుమడి పోయడానికి ముందే రైతు విత్తనం సిద్ధం చేసుకుంటాడు. తడవకుండా ఇంటికప్పు నేయించుకుంటాం. పిల్లల విషయానికి వచ్చేసరికి మాత్రం నీరు వచ్చాకనే ఆలోచిస్తున్నాం.

బియ్యం ఇంటికి వచ్చిన ఏడాది

ఎలా చేయవచ్చో కరోనా కాలం చూపించింది. 2020 మార్చి 19న మన రాష్ట్రంలో బడులు మూతపడ్డాయి. ఆ ముందురోజే, బడులు మూసినా పిల్లల భోజనం సంగతి ఏమిటని సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణకు తీసుకుంది. రెండు రోజుల్లో కేంద్రం రాష్ట్రాలకు సలహా పంపింది. వండిన అన్నమైనా పెట్టాలి, లేదా దానికి బదులు ధాన్యమూ వంట ఖర్చూ ఇవ్వాలి అన్నది ఆ సలహా. మన దగ్గర బియ్యం, కోడిగుడ్లు, వేరుశనగ చిక్కీలు పిల్లల ఇళ్ళకు చేరాయి. బడి తలుపు మూసి ఉన్నా బడి బియ్యం ఇంటికి రావచ్చునని ఊళ్ళు కళ్ళారా చూశాయి.

ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద 2015లో మధ్యాహ్న భోజన నియమాలు వచ్చాయి. బడి జరగవలసిన రోజున బియ్యం రాలేదనో, వంటకు డబ్బు లేదనో, వండేవారు లేరనో, మరే కారణం చేతనో భోజనం పెట్టకపోతే, ఆ పిల్లవాడికి రావలసిన ధాన్యం, వంట ఖర్చు తరువాతి నెల 15వ తేదీలోగా భత్యంగా ఇవ్వాలని ఆ నియమాలు చెబుతున్నాయి. వరుసగా మూడు రోజులు గాని, నెలలో అయిదు రోజులు గాని భోజనం ఆగితే బాధ్యులెవరో తేల్చాలి కూడా. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల ధాన్యం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 150 గ్రాములు లెక్క.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అధికారికంగా సెలవు ప్రకటిస్తే అది బడి రోజు కాదని చెప్పి భత్యం మాట దాటవేయవచ్చు. కరోనాలో మాత్రం సెలవుల్లోనూ ఇచ్చారు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా భోజనం పెట్టాలని 2004లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. కరువుకు, కరోనాకు వర్తించిన న్యాయం వరదకు ఎందుకు వర్తించదు? నాలుగైదు రోజులకు మించి బడి మూసిన ఊళ్ళలో బియ్యమూ గుడ్లూ ఇళ్ళకు చేర్చాలని పంచాయతీలు తీర్మానం చేసి పంపవచ్చు. అడగని పంచాయతీకి ఎవరూ తెచ్చి ఇవ్వరు.

మన జిల్లాకు ఇది కొత్త పాఠం కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు అర్ధరాత్రి వచ్చినవారికి కూడా లేదనకుండా అన్నం పెట్టారు. ఆమె 1909లో కన్నుమూశారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి భోజన పథకానికి ఆమె పేరే పెట్టింది. ఆ పేరుతో పెట్టే అన్నం ఆమె నడిచిన లంకల్లోనే వరద రోజుల్లో ఆగిపోతే అది మనకు తలవంపు.

వండేవారి మాట, చెప్పేవారి మాట

బడిలో వంట చేసేవారిలో ఎక్కువమంది పేదింటి ఆడవాళ్ళు. 2019లో వారి గౌరవ వేతనాన్ని రాష్ట్రం నెలకు 3,000 రూపాయలు చేసింది. కేంద్రం తన వంతు ఇచ్చేది 600 రూపాయలే, అదీ ఏడాదికి 10 నెలలకే. కూరలు, నూనె, పప్పు ముందు అప్పు తెచ్చి వండి, బిల్లు వచ్చాక తీర్చుకునేవారే ఎక్కువ. వరదకు బడి మూస్తే కొట్లో బాకీ అలాగే ఉంటుంది. చాలామందికి సొంత ఇల్లు కూడా నీటిలోనే ఉంటుంది. పునరావాస కేంద్రంలో వందల మందికి వండవలసి వచ్చినప్పుడు ముందుగా వీరినే పిలవాలి, దానికి వేరే కూలి కట్టి ఇవ్వాలి. బడి పాత్రలు, పొయ్యి, వండే చేయి అన్నీ అక్కడే ఉన్నాయి. పాత బిల్లులు వరదకు ముందే చెల్లిస్తే ఆ ఇల్లాలు ఒడ్డున పడుతుంది.

ప్రభుత్వ పంతుళ్ళకు నెల జీతం ఆగదు గాని పని ఆగదు కూడా. విద్యాహక్కు చట్టం జనాభా లెక్కలు, ఎన్నికలతో పాటు విపత్తు సహాయానికి ఉపాధ్యాయులను వాడుకోవచ్చని చెబుతోంది. పునరావాస కేంద్రాల్లో పేర్లు రాయడం, పొట్లాలు పంచడం వారి మీదే పడుతుంది. అదే ఊళ్ళో కాపురమున్న పంతులమ్మ ఇంట్లోకి నీళ్ళు వచ్చినా ఆమె విధికి రావలసిందే. ఆమె పిల్లల్ని చూసే దిక్కెవరని అడిగేవారు ఉండరు. సొంత ఇల్లు మునిగిన ఉపాధ్యాయులకు రెండు రోజులు విధుల నుంచి మినహాయింపు ఇచ్చి, మునగని ఊళ్ళ వారిని ముందు పంపితే అందరికీ ఉపకారం.

అందరికన్నా నలిగిపోయేది చిన్న ప్రైవేటు బళ్ళ పంతుళ్ళు. కరోనాలో ఫీజులు రాక, జీతాలు లేక, వారిలో ఎందరో ఉపాధి హామీ పనులకు వెళ్ళారు, కూరగాయల బండ్లు పెట్టారు. 2021 ఏప్రిల్‌లో పొరుగున తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు పొందిన ప్రైవేటు బళ్ళ ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. పెద్ద మొత్తమేమీ కాదు గాని ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగింది. దీర్ఘకాలం బడులు మూసినప్పుడు ఇలాంటి సాయం ఉంటుందని ముందే చెబితే, పాఠం చెప్పే మనిషి మరో పనికి పోకుండా ఉంటాడు.

మరిచిపోయిన అక్షరాలు

కరోనాలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు బడి మళ్ళీ తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. పదకొండు నెలలకు దగ్గర. ఏప్రిల్‌లో మళ్ళీ మూతపడి ఆగస్టు 16న తెరిచారు. ఈ మధ్యలో దూరదర్శన్ సప్తగిరిలో, రేడియోలో పాఠాలు వచ్చాయి. పంతుళ్ళు ఫోన్లలో పాఠాలు పంపారు. అయినా పల్లెల్లో పిల్లల చదువుపై జరిపే అసర్ సర్వే ఏమి చెప్పింది? మన రాష్ట్ర గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో నూటికి 59.7 మంది. 2022కు వారు 36.3కు పడిపోయారు.

కారణం వెదకనక్కరలేదు. ఇంటికి ఒక్కటే ఫోను, అది తండ్రి జేబులో. కోనసీమలో తల్లి గల్ఫ్‌కు వెళ్ళి, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్ళు చాలా ఉన్నాయి. పంతులుగారు పంపిన సందేశం చదివి చెప్పేవారు ఆ ఇంట్లో లేరు. ఇక వరదలో కరెంటు పోతుంది. ఫోను చచ్చిపోతుంది. కాబట్టి లంకలకు ఫోను పాఠం ఒక్కటే మందు కాదు. కాగితం కావాలి. పక్కన కూర్చుని చదివించే మనిషి కావాలి.

సెలవు చెప్పేటప్పుడే తరగతి పంతులు ఒక చీటీ రాసి ఇవ్వవచ్చు. తెలుగు పుస్తకంలో ఈ పేజీ నుంచి ఈ పేజీ దాకా రోజూ పైకి చదవాలి, పది లెక్కలు చేయాలి, చూసిన వరద గురించి అయిదు వాక్యాలు రాయాలి. అంతకు మించి అక్కరలేదు. ఏటిగట్టు మీద బరకం కింద తలదాచుకున్న నాలుగిళ్ళ పిల్లల్ని కూడేసి, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి గంటసేపు చదివిస్తే చాలు. అక్షరం మరుపు రాదు. పైగా ఆ గంటసేపు పిల్లలు నీటి దగ్గరకు పోరు. పుస్తకాలు తడిస్తే ఎవరికి ఏవి పోయాయో పేర్లు రాసి మండల విద్యాధికారికి ఇవ్వాలి.

బడిలోనే తలదాచుకుంటే

మన ఊళ్ళలో వరదకు గట్టి కట్టడం బడే. అందుకే అది పునరావాస కేంద్రం అవుతుంది. తరగతి గదుల్లో సామాన్లు, ముసలివాళ్ళు, పసివాళ్ళు, వరండాలో మేకలు. నీరు తీసినా కొందరికి ఇల్లు బాగుపడే దాకా అక్కడే ఉండవలసి వస్తుంది. వెళ్ళగొట్టమని అనలేం. పిల్లల బడి ఆగిపోవాలనీ అనలేం. ఒక్క గదిని మొదటిరోజు నుంచీ పిల్లలకు వదిలితే రెండూ సాగుతాయి. ఆ గదిలో చాపలు, కథల పుస్తకాలు, క్యారమ్ బోర్డు ఉంటే చాలు. బాలింతలకు, ఎదిగిన ఆడపిల్లలకు మరో గది, తలుపు గడియ వేసుకునే మరుగుదొడ్డి తప్పనిసరి. రాత్రి దీపం ఉండాలి.

వరద చూసిన పిల్లలు భయపడతారు. కొందరు రాత్రి ఉలిక్కిపడి లేస్తారు, కొందరు పక్క తడుపుతారు, కొందరు మాట్లాడటం మానేస్తారు. కొట్టి, కసిరి లాభం లేదు. పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడించాలి, ఆడించాలి. వారాలు గడిచినా తగ్గకపోతే 14416 నంబరుకు ఫోను చేస్తే సలహా చెబుతారు. 2022 నుంచి నడుస్తున్న ఈ టెలిమానస్ సేవకు డబ్బు కట్టనక్కరలేదు.

జూన్‌లోనే చేయవలసినవి

నీరు వచ్చాక పరుగెత్తేకన్నా బడి తెరిచిన నెలలోనే కొన్ని పనులు ముగించుకోవడం మేలు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేదీ ఆ కమిటీయే. అందులో వరద ప్రణాళిక ఒక పేజీ చేర్చవచ్చు.

ఆ పేజీలో ఉండవలసినవి ఇవి. ప్రతి పిల్లవాడి ఇంటి ఫోను నంబరు, అది పలకకపోతే పక్కింటి నంబరు. వరదలో ఏ ఇంటివారు ఏ గట్టుకు, ఏ చుట్టాలింటికి పోతారో వివరం. బియ్యం బస్తాలు, హాజరు పుస్తకాలు ఎత్తున పెట్టే చోటు. ఏ పంతులు ఏ వీధి పిల్లల సంగతి చూడాలో పంపకం. తండ్రి వలస పోయి, తల్లి ఒంటరిగా ఉన్న ఇళ్ళు, అమ్మమ్మ చేతి కింద పిల్లలున్న ఇళ్ళు, నడవలేని పిల్లలున్న ఇళ్ళు వేరే గుర్తు పెట్టుకోవాలి. ముందుగా పలకరించవలసింది వారినే.

తల్లిదండ్రులు కూడా ఆధార్ కార్డు, కుల ధ్రువపత్రం, పదో తరగతి మార్కుల జాబితా, బడి పుస్తకాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టుకోవాలి. కాగితం పోతే తిరిగి తెచ్చుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరిగే రోజులే మరో వరద అవుతాయి.

తెరిచిన రోజే అసలు పరీక్ష

నీరు తీసిన బడిని గబగబా తెరవకూడదు. బెంచీల కింద, పుస్తకాల బీరువా వెనక పాములు చేరతాయి. కరెంటు మీటరు, స్విచ్చులు తడిసి ఉంటాయి, లైన్‌మన్ చూసి సరేననేదాకా ముట్టుకోకూడదు. బావిలో, నీళ్ళ తొట్టిలో బ్లీచింగ్ కలిపించాలి. ఒండ్రు కడిగించాలి. ఈ పనంతా వంట మనిషి, ఆయా నెత్తిన వేసి ఊరుకోకుండా పంచాయతీ పారిశుధ్య సిబ్బందిని పంపాలి.

తరువాత హాజరు పుస్తకం తీయాలి. ఎవరు వచ్చారన్నది కాదు, ఎవరు రాలేదన్నది చూడాలి. పంట పోయిన ఇంటి కుర్రవాడు రొయ్యల చెరువు మీద కాపలాకు పోయి ఉండవచ్చు. అప్పు తీరని ఇంటి ఆడపిల్లకు మాటలు మొదలై ఉండవచ్చు. కరోనా తరువాత ఇవి రెండూ అందరం చూసినవే. వారంలోగా పంతులూ, కమిటీ సభ్యురాలూ కలిసి ఆ ఇంటికి వెళ్ళాలి. బెదిరించడానికి కాదు, కష్టమేమిటో కనుక్కోవడానికి. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్ళి చేస్తుంటే, పిల్లవాణ్ణి పనిలో పెడితే 1098కి ఫోను చేయవచ్చు.

చివరగా పాఠాల సంగతి. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200, ఆరు నుంచి ఎనిమిదికి 220 పని రోజులు ఉండాలని చట్టం. పోయిన రోజులకు బదులు రెండో శనివారాలు బడి పెట్టడం మనకు అలవాటే. కాని ఆ శనివారాల్లో సిలబస్ పరుగు పెట్టించి ప్రయోజనం లేదు. చదవలేని పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి, వారికి వచ్చిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. అసర్ లెక్క చెప్పింది అదే.

2020 ఆగస్టులో కరోనా ఉండగానే గోదావరి కూడా వచ్చింది. భద్రాచలం దగ్గర 60 అడుగులు దాటింది. ఆ ఏడు లంకల పిల్లలకు రెండు తాళాలు పడ్డాయి. గోదావరి మళ్ళీ వస్తుంది, రాకుండా ఆపే శక్తి మనకు లేదు. బడి మూసిన రోజున ప్రతి పిల్లవాడి కంచంలో అన్నం, చేతిలో పుస్తకం, పలకరించే మనిషి ఉండేలా చూడటం మాత్రం మన చేతిలోనే ఉంది. ఎర్రనీరు రాకముందే ప్రతి లంక గ్రామంలోనూ పంచాయతీ, బడి కమిటీ, పంతుళ్ళు ఒక సాయంత్రం కూర్చుని ఆ ఒక్క పేజీ రాసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.